పోలమ్మ మోసిన రాళ్ళు

తెల్లారేసరికి పోలమ్మ నడుముకి గోనె చుట్టుకుని పొలానికి బయల్దేరేది. లెస్కాలియే ఊరు దాటాక, చెరకు తోటల మధ్యలో ముప్ఫై ఇళ్ళ కూలీల కాంపు వాళ్ళది. ఎస్టేటు పటంలో దానికి పేరైనా లేదు. చుట్టూ ఏడు రాళ్ళగుట్టలు, అన్నీ పొలంలోంచి ఏరి పోసినవే. మొదటి గుట్ట తెలుగు దేశం నుంచి ఈ దీవికి కూలికొచ్చి ఓడ దిగినవాళ్ళది, రెండోది వాళ్ళ పిల్లలది. ఊరి చరిత్ర ఎవరైనా అడిగితే గుట్టలు చూపిస్తే సరిపోయేది.

మనిషి పోయిన పదకొండో రోజున ఆ మనిషి మోసిన రాళ్ళన్నీ గుట్ట దిగి, ఎత్తిన చోటికే పోయి కూర్చునేవి. అక్కడ అది మామూలే. వారసులు వాటిని మళ్ళీ మొయ్యాలి, అదీ కూలి లేకుండా. లేదంటే ఎస్టేటు ఇచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యాలి. పోలమ్మ అత్తగారివి మోసింది, మామగారివి మోసింది, వాటి మధ్య తనవీ మోసింది. మొగుడు మల్లయ్య నడుం పడిపోయి అరుగుకే అతుక్కుపోయాడు. ఒక్కగానొక్క కూతురు గౌరిని మాత్రం పొలం గట్టు తొక్కనివ్వలేదు.

గౌరి తెలుగు చదువుకుంది. బెల్ ఎయిర్ బడిలో పంతులమ్మగా చేరమని కాగితం వచ్చిన వారమే పోలమ్మ మంచం పట్టింది. దీవికి స్వాతంత్ర్యం వచ్చి కొత్త జెండా ఎగిరిన రోజు వీధంతా పాడుతుంటే, కూతురి చెయ్యి పట్టుకుని, "నా రాళ్ళు నువ్వు మొయ్యకే," అంది. ఆ సాయంత్రమే పోయింది.

పదో రోజు, కూలీల చేత పని చేయించే సర్దారు ఎంకన్న వచ్చాడు.

"రేపు పొలానికొస్తావా, ఇల్లు వదుల్తావా?"

"రేపే బళ్ళో చేరాలి మామా."

"కి పూ ఫేర్, ఏం చేస్తాం? జెండా మారింది గానీ రాళ్ళు మారలేదు పిల్లా. మీ నాన్నని చూడు."

గౌరి చూసింది. కాగితం దేవుడి పటం వెనక దాచేసింది.

పొద్దున తలుపు తీసేసరికి పొలం కనిపించలేదు. ఇంటికీ చెరకుకీ మధ్య నిలువెత్తు గోడ, కాంపు ఈ చివర్నుంచి ఆ చివరి దాకా. అన్నీ పోలమ్మ రాళ్ళే.

ఎంకన్న చుట్టూ తిరిగి పొలం చూసొచ్చాడు. అలిసిపోయి గోడ పక్కన చతికిలబడ్డాడు.

"పొలంలో ఒక్క రాయీ పడలేదు. లేని రాయి ఎవరు మోస్తారు? ఇల్లు మీదే. నడువు, బస్సు వెళ్ళిపోతుంది."

గౌరి గోడ మీద చెయ్యి వేసింది. పది రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"ఇన్ని రాళ్ళా! చచ్చాక కూడా మోశావా అమ్మా?"