నల్లమల బీట్స్ మత్తయి

మత్తయి ఆరో తీగను బిరడాకు చుట్టి, బొటనవేలితో ఒకసారి మీటి, చెవిని గిటారు కట్టెకు ఆనించాడు. ఇంకొంచెం బిగించి మళ్లీ ఆనించాడు. ప్రోగ్రాం ఉన్న ప్రతి ఉదయం, నంద్యాలలోని తన రెండు గదుల ఇంటి వసారాలో కూర్చుని పదిహేనేళ్లుగా ఆయన చేస్తున్న పని ఇదే. ఎడమచేతి వేళ్ల కొసలు తీగల ఒరిపిడికి కాయలు కాసి పాత చెప్పు తోలులా మొద్దుబారాయి. తీగ బిగిస్తూ మధ్యలో తలెత్తి గేటు వైపు చూడటం మాత్రం ఈ మధ్య వచ్చిన అలవాటు.

గేటు దగ్గర భార్య లూదియా, డ్రమ్ములు వాయించే దేవరాజుతో మాట్లాడుతోంది. ఇద్దరి పెదవులూ కదులుతున్నాయి, మాట మాత్రం ఇవతలికి రావడం లేదు. మత్తయి లేచి రెండడుగులు వేసేసరికి ఇద్దరూ ఆపేశారు.

"ఏందిరా మాట్లాడుకుంటాండారు?"

"ఏం లేదప్పా. బేగా రా, వ్యాను నిలబడుకోనుండాది," అన్నాడు దేవరాజు, అవసరం లేనంత గట్టిగా.

అంత అరుపెందుకు? ఏదో దాచేవాడే అలా అరుస్తాడనుకున్నాడు మత్తయి.

నాలుగైదు నెలలుగా ఊరు ఊరంతా ఇలాగే ఉంది. ఆయన నడిపే రేడియో రిపేరు కొట్టుకు వచ్చేవాళ్లు మాటను నోట్లోనే మింగేస్తున్నారు. చర్చిలో పక్కవాళ్లు గొంతు తగ్గించేస్తున్నారు. తన పాటల బృందంవాళ్ల సంగతి సరేసరి. ప్యాపిలిలో సంజీవయ్య అని ఒకాయన గిటారు బాగా వాయిస్తాడని పోయిన నెల పాటగాడు యేసుదాసు నోరు జారాడు. అదీ సంగతి! కొత్తవాణ్ణి చూసుకున్నారు. చెప్పే ధైర్యం లేక తన వెనక గుసగుసలాడుతున్నారు.

వ్యాను ఆళ్లగడ్డ దారి పట్టింది. ప్రోగ్రాములకు వేసుకునే ఎర్ర సాటిను కోటు తొడుక్కుని, మత్తయి యాంప్లిఫయరు పక్కనే, దానిమీద చెయ్యి వేసి కూర్చున్నాడు. పాత రేడియోల వాల్వులు ఊడదీసి ఆయనే చేసిన పెట్టె అది. డెబ్బై ఒకటిలో, బదిలీ మీద వెళ్లిపోతున్న ఆంగ్లో ఇండియన్ రైలు గార్డు దగ్గర గిటారు కొన్నాడు. ఆ గార్డే నాలుగు మెట్లు నేర్పాడు. మత్తయి దేవరాజును కూర్చోబెట్టి డ్రమ్ములు వాయించమన్నాడు. ఆ క్రిస్మస్‌కే నల్లమల బీట్స్ పుట్టింది. గుడి ముందర ఈ సైతాను గోలేందని చర్చి పెద్దలు కేకలేశారు. మూడేళ్లు తిరిగేసరికి ఆ పెద్దలే కూతుళ్ల పెళ్లిళ్లకు పిలిచారు. ఒకసారి మద్రాసు వెళ్లి రికార్డుల కంపెనీ మెట్లమీద మూడు రోజులు కూర్చున్నారు. కంపెనీవాళ్లు ఉత్తరం రాస్తామన్నారు, రాయలేదు. ఒక పాటగాడు బ్యాంకులో చేరాడు. ఇంకొకడు కువైట్ వెళ్లాడు. పోయినవాడి చోట ఇంకొకణ్ణి వెతికి నేర్పడం మత్తయి వంతు. సొంతంగా కట్టిన రెండు పాటలు ఉన్నాయి గానీ, సినిమా పాటలు తప్ప ఎవరూ అడగరు.

ఆళ్లగడ్డలో యాకోబు పంతులు కూతురి పెళ్లి విందు. బడి ఆవరణలో షామియానా వేశారు. మధ్యాహ్నపు ఎండ గుడ్డలోంచి పసుపుగా దిగుతోంది. మూడో పాటలో మత్తయి విడిగా వాయించే ముక్క వచ్చింది. కళ్లు మూసుకుని వేళ్లు పరిగెత్తించాడు. కళ్లు తెరిస్తే ముందు వరుసలో ఎవరూ ఇటు చూడటం లేదు. పులావు వడ్డించేవాడి వైపే చూస్తున్నారు. ఆయన చూపు గిటారు నుంచి పోయే వైరు వెంట జంపఖానా మీదుగా యాంప్లిఫయరు దాకా పాకింది. దాని కొస పెట్టెలో లేదు. పెట్టె వెనక నేలమీద పడివుంది.

పాట అయ్యాక దేవరాజు చొక్కా పట్టుకుని షామియానా వెనక్కి లాక్కుపోయాడు.

"ఎప్పట్నుంచిరా ఈ పని? ప్యాపిలోనికి మాటిచ్చినారా?"

దేవరాజు ఏదో అన్నాడు.

"గొణగొద్దు! మొగం మీద చెప్పు!"

"ఈస్టరు నుంచి!" అరిచాడు దేవరాజు. "పాట ఒకపక్క, నీ గిటారు ఒకపక్క పోతాండాయి. జనం నగుతాంటే చూడలేక పీకేసినా. నీకు చెవులు ఇనపడవు మత్తయీ! లూదియమ్మ డాక్టరు దగ్గరికి రమ్మని ఎన్నిసార్లు ఏడ్చిందో. కోపం చేసుకుంటివి. ప్యాపిలాయన్ను చూసినాం, నిజమే. పిల్చుకురావడానికి మనసొప్పలేదు."

"నాకు చెవులు బాగుండాయి."

దేవరాజు ఆయన జేబులోంచి, కొడితే మోగే, శ్రుతి చూసుకునే ఉక్కు కడ్డీ తీశాడు. వెనక్కి వెళ్లి దాన్ని ఆయన చెవి పక్కన పెట్టి, "ఇనపడ్తాందా?" అని గట్టిగా అడిగాడు.

మత్తయి తల కొంచెం వంచాడు. "ఆ. ఇనపడ్తాంది."

 మత్తయి వెనక్కి తిరిగాడు. దేవరాజు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"నేను ఇంకా కొట్టలేదురా."

వంటల పొగ ఇద్దరి మధ్య నుంచి పోయింది. ఇన్ని నెలలూ గుసగుసలాడిన లూదియా, కొట్టుకు వచ్చినవాళ్లు, చర్చి, ఊరు ఒక్కొక్కటిగా మత్తయికి గుర్తొచ్చాయి. వాళ్లంతా ఎప్పటిలాగే మాట్లాడుతూ వచ్చారు.

"ఇంకెన్ని పాటలుండాయి?" అన్నాడు చివరికి.

దేవరాజు నాలుగు వేళ్లు చూపించాడు.

మత్తయి వేదిక ఎక్కాడు. నేలమీద పడివున్న వైరు కొసను ముట్టుకోలేదు. దేవరాజు చేతులు లేచి దిగడం చూస్తూ, ఆ కదలికకు తన వేళ్లను కలుపుతూ నాలుగు పాటలూ చివరిదాకా వాయించాడు. ఒక్క స్వరం వదలలేదు. పెళ్లికూతురు చప్పట్లు కొడుతుంటే అందరితోపాటు తలవంచి నమస్కారం పెట్టాడు.

మిగతావాళ్లు భోజనాలకు లేచారు. మత్తయి దేవరాజు భుజం తట్టి, "ప్యాపిలాయనకు కబురు పెట్టు," అన్నాడు. "నువ్వు?" అని దేవరాజు పెదవులు కదిలాయి.  మత్తయి గిటారు సంచి భుజాన వేసుకుని రోడ్డెక్కాడు. చాగలమర్రి నుంచి వచ్చే నంద్యాల బస్సు వెనకనుంచి ఎంత హారన్ కొట్టినా ఆయన తిరగలేదు. డ్రైవరే పక్కకు తెచ్చి ఆపి, చెయ్యి ఊపి ఎక్కించుకున్నాడు.

సాయంత్రం సామాను కట్టేటప్పుడు యేసుదాసుకు కుర్చీ వీపున తగిలించిన మత్తయి ఎర్ర సాటిను కోటు కనిపించింది. గుండీలన్నీ పెట్టివున్నాయి. పదిహేనేళ్లు గిటారు బెల్టు ఒరిసి ఒరిసి, ఎడమ భుజం మీద ఎరుపంతా వెలిసిపోయి తెల్లటి చార ఒకటి మిగిలింది.