రాని వేషాలు

పొద్దున ఆరింటికే ఆ మూడో అంతస్తు వాటాలో కుళాయి దగ్గర వరస మొదలవుతుంది. ముందు బాబాయి, తర్వాత ఇన్‌స్పెక్టరు, ఆ వెనక డాక్టరు, డాక్టరు వెనక మాస్టారు, అందరికంటే చివర దొంగ. తన వీపు వెనకే దొంగ నిలబడటం ఇన్‌స్పెక్టరుకి గిట్టదు, అందుకని మధ్యలో ఇద్దరుండేలా చూసుకుంటాడు. వీళ్ళందరి మొహాలూ కడగడం అయ్యాక, కుళాయిలో నీళ్ళింకా వస్తుంటే, అప్పుడు దర్జీగారబ్బాయి లేచి వస్తాడు. బాబాయి తప్ప మిగతా నలుగురినీ ఇంటికి తెచ్చిపెట్టింది అతనే కాబట్టి పెదవి విప్పడానికి లేదు.

నిజానికి అతను దర్జీగారి కొడుకు కాదు, అన్న కొడుకు. ముప్పై నాలుగేళ్ళొచ్చినా వీధిలో అందరికీ అబ్బాయే. నటుణ్ణవుతానని ఆరేళ్ళ కిందట ఈ నగరానికొచ్చి బాబాయి పంచన చేరాడు. పొద్దున పూట బాబాయి కొట్లో గుండీలు కుట్టి, బట్టలు ఇస్త్రీ చేస్తాడు. మధ్యాహ్నం రెండు కాగానే మొహం తుడుచుకుని, ఉన్న రెండు మంచి చొక్కాల్లో ఒకటి తొడుక్కుని, ఆడిషన్లకు బయల్దేరతాడు. సీరియళ్ళ ఆఫీసులు, సినిమా ఆఫీసులు, నాటకం హాళ్ళు, అతను ఎక్కని మెట్లు లేవు. ఎక్కడికెళ్ళినా ఒకటే మాట, "కబురు చేస్తాం."

కబురు రాలేదు గానీ, రాని వేషాలు అతని వెంట ఇంటికొచ్చేవి.

మొదట వచ్చింది ఇన్‌స్పెక్టరు. ఒక సీరియల్లో ఆ వేషానికి అడిగి, లేదనిపించుకుని మెట్లు దిగుతుంటే వెనక బూట్ల చప్పుడు వినబడింది. తిరిగి చూస్తే ఖాకీ చొక్కా, మెలితిరిగిన మీసం, ఆడిషన్లో తను పెట్టిన అదే కుంటినడక. "ఎక్కడికండీ?" అన్నాడితను. "నీవాణ్ణి కదా, మరెక్కడికి పోను?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. తలుపు తీసిన బాబాయి ఇద్దర్నీ చూసి, ఇన్‌స్పెక్టరు భుజాల మీద వేళ్ళతో జానలు వేశాడు. "ఇక్కడ బిగుతైంది బాబూ. విప్పివ్వండి, రేపటికి సరిచేస్తాను" అన్నాడు. ఇంటావిడ మాత్రం గడప దగ్గర నిలబడి, "వాటా ఇచ్చింది ఇద్దరికి. నీళ్ళు చూసి వాడుకోండి" అని చెప్పి దిగిపోయింది.

ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చి చేరారు. మిద్దెలో ఎవరి తాళం బిగుసుకుపోయినా దొంగ వెళ్ళి హెయిర్‌పిన్నుతో తీసిపెట్టేవాడు. మాస్టారు ఇంటావిడ మనవరాలికి లెక్కలు చెప్పేవాడు. డాక్టరుకి వచ్చింది ఆడిషన్ సీనులో ఉన్న జ్వరం ఒక్కటే, అది మాత్రం చాలా బాగా చూసేవాడు. ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ఆయన కోసం కబురొచ్చేది. తనను పిలవకుండా ఆయనకి పిలుపులొస్తున్నందుకు దర్జీగారబ్బాయికి ఒక్కోసారి ఉడుకుమోత్తనం వచ్చేది కూడా.

ఒక బుధవారం సాయంత్రం కొట్టు కట్టేసే ముందు బాబాయి కత్తెర తుడుస్తూ, మొహం చూడకుండా మాట కదిపాడు.

"ఒరే అబ్బాయ్, యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో బట్ట కత్తిరించే మనిషి కావాలంట. నీ గురించి చెప్పాను. సోమవారం నుంచి రమ్మన్నారు."

అతను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. "మానేయమంటావా బాబాయ్?"

"నేనెందుకు మానేయమంటాను? నువ్వు మెట్లెక్కుతుంటే ఇంట్లోంచి వింటాన్రా. నీ వెనక ఇంకో జత అడుగులు వినబడ్డాయంటే నా గుండె జారిపోతుంది. ఇవాళ కూడా పిల్లాడికి రాలేదే అని." కత్తెర సొరుగులో పెట్టాడు. "వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. మంచివాళ్ళే. నాకే ఓపిక తగ్గింది."

ఆరేళ్ళలో బాబాయి ఇలా మాట్లాడటం అదే మొదలు. అతను ఇస్త్రీ చేసిన చొక్కా మడతపెడుతూ, "శుక్రవారం ఆడిషన్ ఒక్కటుంది. అదీ కాకపోతే సోమవారం వెళ్తాను" అన్నాడు.

శుక్రవారం పిలుపు పెద్ద నాటకం హాలు నుంచి. దర్శకురాలిని అందరూ చాలు మేడం అంటారు. ఎంతటి నటుడైనా రెండో వాక్యానికే "చాలు" అని పంపించేస్తుందని పేరు. వేషం వాచీలు బాగుచేసే ముసలాయనది. ఎప్పుడో గొడవపడి వెళ్ళిపోయిన కూతురు ఇరవై ఏళ్ళకి ఆయన కొట్టుకి వస్తుంది, తనెవరో చెప్పదు. ఆయన గుర్తుపడతాడు, ఆయనా చెప్పడు. ఆమె ఇచ్చిన వాచీ బాగుచేసి పంపిస్తాడు. అంతే నాటకం.

గురువారం అతను కాగితాలు పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతూ చదువుతున్నాడు. కూతురు వెళ్ళిపోయే చోట గొంతు వణికించి, కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. చుట్టూ కూర్చున్న నలుగురూ నేల చూపులు చూస్తున్నారు. అప్పుడు, ఆరేళ్ళలో ఎన్నడూ అడగని మాట అడగాలనిపించింది అతనికి.

"మీ అందర్నీ నేనెందుకు పోగొట్టుకున్నాను?"

ముందు ఇన్‌స్పెక్టరే గొంతు సవరించుకున్నాడు. "నేను అరవను. అరవాల్సిన అవసరం లేనివాణ్ణి. నువ్వు అరిచావు."

"జ్వరం చూసేటప్పుడు నేను పిల్ల మొహం చూస్తాను. నువ్వు కెమెరా వైపు చూశావు" అన్నాడు డాక్టరు, నొచ్చుకుంటాడేమోనని మెల్లగా.

"నాకు పట్టుబడతానని భయం. నీకు వేషం రాదేమోనని భయం. రెండూ ఒకటి కావు" అన్నాడు దొంగ.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. "నేను బడి వదిలి వెళ్ళే రోజు ఏడవలేదు నాయనా. ఏడుపు వచ్చింది, ఆపుకున్నాను. పిల్లల ముందు బాగుండదని. చూసేవాళ్ళకి ఆ ఆపుకోవడం కనబడాలి. నువ్వు నాకంటే ముందే ఏడ్చేశావు."

అతనికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. వంటింట్లోకెళ్ళి గ్లాసుడు నీళ్ళు తాగొచ్చి, కాగితాలు మళ్ళీ మొదటి నుంచీ తీశాడు. ఈసారి నలుగురూ తలెత్తి చూశారు.

శుక్రవారం హాల్లో అతని కంటే ముందు పదకొండు "చాలు"లు వినబడ్డాయి. అతని వంతొచ్చింది. స్టేజీ మీద ఒక బల్ల, కుర్చీ, పాత వాచీ. కూర్చుని వాచీ మూత తీశాడు. కూతురి మాటలు ఎవరో పక్కనుంచి చదువుతున్నారు. అతను ఆమె వైపు ఒక్కసారే చూశాడు, ఆ తర్వాత ముల్లు మీంచి చూపు తిప్పలేదు. "స్ప్రింగు బాగానే ఉందమ్మా. ఎవరూ తిప్పలేదంతే" అన్నాడు. చేయి వణకబోయింది, బల్లకేసి అదిమి పట్టాడు. రెండో వాక్యం అయింది, పదోదీ అయింది. కూతురు వెళ్ళిపోయింది. ఆయన వాచీ చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు వినడంతో సీను ముగిసింది.

చాలు మేడం "చాలు" అనలేదు. కాగితాలు సర్దుకుని, "సరే, వెళ్ళండి" అంది.

మెట్లు దిగుతూ చెవులు రిక్కించాడు. అలవాటు మరి. వెనక అడుగుల చప్పుడు లేదు. వీధి మలుపు దాకా వెళ్ళి ఆగి చూశాడు. ఎవరూ లేరు.

బాబాయి తలుపు తీసి అతని భుజం మీంచి తొంగి చూశాడు. "ఎవరూ రాలేదేం?"

"రాలేదు. నాతో రావడానిక్కూడా ఆ వాచీల ముసలాయనకి మనసొప్పలేదంటే ఎంత చెడగొట్టానో చూడు."

శనివారం, ఆదివారం అతను గడప దాటలేదు. హాలు నుంచి ఏ కబురూ రాలేదు. సోమవారం పొద్దున ఫ్యాక్టరీకని ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటుంటే మాస్టారు దగ్గరికొచ్చాడు.

"వెళ్ళేముందు ఓసారి ఆ హాలు దాకా వెళ్ళి చూసిరా నాయనా. పెద్దాయన. నీ వెనకే బయల్దేరి దారి తప్పాడేమో. మనిషిని అలా వదిలేసి రావడం పద్ధతి కాదు."

తన దిగుల్లో తనుండి అతను ఆ సంగతే ఆలోచించలేదు. దారి పొడవునా సందులన్నీ చూసుకుంటూ, బస్టాపుల్లో వెతుక్కుంటూ గబగబా హాలుకి వెళ్ళాడు.

ముసలాయన స్టేజీ మీదే ఉన్నాడు. అదే కుర్చీలో, కంటికి అద్దం పెట్టుకుని, వాచీ మీదకి వంగి కూర్చున్నాడు. మూడో వరసలో చాలు మేడం టీ తాగుతోంది.

"వచ్చారా" అంది ఆవిడ. "మీ అడ్రసు రాసిన కాగితం మావాళ్ళెక్కడో పారేశారు. శుక్రవారం నుంచి ఈయన కదలట్లేదు. నాకూ మీరే నచ్చారు గానీ, డబ్బు పెట్టేవాళ్ళు పేరున్నవాళ్ళని చూడమన్నారు. నిన్న తొమ్మిదిమందిని పిలిచాను. ఈయన ఒక్కరికీ కుర్చీ ఇవ్వలేదు. ఇంకేం చేస్తారు వాళ్ళు, ఒప్పుకున్నారు."

ముసలాయన అప్పటికే లేచాడు. చొక్కా చేతి అంచుతో కుర్చీ తుడిచి, పక్కకి జరిగాడు. "కూర్చో. నువ్వొస్తావనే వెచ్చగా ఉంచాను."

అతను కూర్చున్నాడు. ఎంతసేపటికో గుర్తొచ్చి, "మేడం, నేను ఫ్యాక్టరీకి వెళ్ళాలి" అన్నాడు.

"ఏ ఫ్యాక్టరీ?"

"ఏం లేదండి" అన్నాడు.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం మొదటి ఆట. హాలు కిటకిటలాడుతోంది. మూడో గంట కొట్టారు. తెర పక్కన ముసలాయనా అతనూ పక్కపక్కనే నిలబడ్డారు. ముసలాయన అతని చొక్కా కాలరు సరిచేసి, "పద" అన్నాడు. వెలుతురులోకి అడుగుపెట్టింది మాత్రం ఒక్కరే.

ఆ తర్వాతి గంటన్నర అతనికి సరిగ్గా గుర్తులేదు. వాచీలు గుర్తున్నాయి, కూతురి చేతులు గుర్తున్నాయి. జనం ఉన్నారన్న సంగతే తట్టలేదు. కింద జరిగిందంతా తర్వాత ఇంటావిడ చెబితే తెలిసింది. రెండో వరసలో ఆవిడా, బాబాయీ, ఆ నలుగురూ కూర్చున్నారట. ఆట మొదలైన పావుగంటకి బాబాయి ఆవిడ వైపు వంగి, "మావాడెప్పుడొస్తాడు?" అని అడిగాడట. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుందట. ఇంకాసేపటికి ఆయన మళ్ళీ వంగి, "ఈ పెద్దాయన భలే చేస్తున్నాడండీ. మావాడు ఈయన దగ్గర నేర్చుకోవాలి" అన్నాడట. ఇన్‌స్పెక్టరు మీసం కింద నవ్వాపుకోలేక నానా యాతనా పడ్డాడట. కూతురు వెళ్ళిపోయే చోట బాబాయి కళ్ళు తుడుచుకోవడానికి రుమాలు చాల్లేదట.

ఆట అయిపోయింది. హాలంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. అతను స్టేజీ అంచుకొచ్చి దండం పెట్టి, కంటి అద్దం తీసి, రెండో వరసలో బాబాయి కోసం వెతికాడు. చూపులు కలిశాయి. బాబాయి కొడుతున్న చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి. స్టేజీ మీది మనిషిని ఎగాదిగా చూశాడు. మెల్లగా నోరు తెరుచుకుంది.

"మావాడు" అన్నాడు ఇంటావిడతో. వెనక్కి తిరిగి వెనక వరసతో అన్నాడు, ముందుకి వంగి ముందు వరసతో అన్నాడు. చప్పట్ల హోరులో ఎవరికీ వినబడకపోయినా, అందరూ వెళ్ళిపోయేదాకా అంటూనే ఉన్నాడు.