కారు స్వయంగా వచ్చింది

మీరు ముగ్గురూ కలిసి కట్టింది ఇల్లు కాదు. కారుకి ఒక గది కట్టి, దాని పక్కన మనుషులు తలదాచుకోవడానికి కాస్త చోటు వదిలారు. ఇంజినీరుగారూ, ఇది మీ తెలివి. మేస్త్రీ, నువ్వు తెలిసి తెలిసి నోరు మూసుకుని కట్టావు. అన్నయ్యా, ప్రతిదానికీ తలూపింది నువ్వు. మీ వెనకాల గొణగడం నాకు చేతకాదు. మీ మొహాల మీదే అన్నాను, మళ్లీ అంటాను. ఎందుకన్నానో నలుగురూ వినండి.

నా కాళ్లు పనిచేయవు. జాలి కోసం చెప్పడం లేదు, చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. చేతులు మాత్రం దివ్యంగా పనిచేస్తాయి. కాలిపోయిన మోటార్లు విప్పి, పాత తీగ పీకేసి, కొత్త రాగితీగ చుట్టి మళ్లీ తిరిగేట్టు చేస్తాను. నీళ్ల పంపులు, ఫ్యాన్లు, మిక్సీలు, ఏవైనా సరే. మా వీధిలో నన్ను మోటారమ్మ అంటారు. చిన్నప్పుడు పెట్టిన పేరు మా అన్నయ్య కూడా మర్చిపోయాడు.

ఇప్పుడు మేముంటున్నది అద్దె ఇల్లు. నా పనిబల్ల వరండాలో. వాన జల్లు కొడితే తీగచుట్టల మీద పట్టా కప్పి, పని మానేసి కూర్చోవాలి. వీధిలోకి దిగాలంటే మెట్లు. అన్నయ్య దింపితే దిగినట్టు, లేకపోతే లేదు. నా వయసు ఆడమనిషిని చంటిపిల్లలా రెండు చేతుల మీదా మోసుకెళ్తుంటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. అతని చొక్కా గుండీ నా చెంపకి గుచ్చుకుంటుంది. అతను ఆయాసపడతాడు. ఎదురింటివాళ్లు చూడనట్టు మొహం తిప్పుకుంటారు. అది చూస్తే మరీ ఒళ్లు మండుతుంది.

అందుకే సొంతిల్లు అనుకున్నప్పుడు, అందరికంటే ముందు గంతేసింది నేను. గంతు అంటే మనసులోనే అనుకోండి.

అన్నయ్య, వదిన, నేను భోజనాల బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకున్నాం. వదిన గాలి ఆడే వంటగది అడిగింది. అన్నయ్య కారుకి నీడ అడిగాడు. ఆ కారంటే అతనికి ప్రాణం. ఆఫీసులో తోటివాళ్లు అతన్ని షోరూం అని పిలుస్తారట, అంత తళతళలాడిస్తాడు.

"నీకేం కావాలో చెప్పవే మోటారమ్మా," అన్నాడు.

"మంచం దగ్గర్నుంచి పనిబల్ల దాకా, బల్ల దగ్గర్నుంచి వీధి దాకా, ఎవరి చెయ్యీ పడకుండా నేను పోవాలి. అంతే."

"అంతేనా? బాల్కనీ అడుగుతావేమో అని భయపడ్డా."

"బాల్కనీ ఎక్కి ఏం చెయ్యను, నీ కారుకి టాటా చెప్పనా?"

వదిన పగలబడి నవ్వింది. అన్నయ్య కూడా నవ్వాడు. ఆ పూట మేం ముగ్గురం బాగానే ఉన్నాం.

గ్యారేజీలో సగం కారుకి, సగం నా పనికి అని తేల్చాం. బల్ల కింద మోకాళ్లు పట్టేలా ఖాళీ. ప్లగ్గులు నేల దగ్గర కాకుండా నా చేతికందే ఎత్తులో. చేతులు కడుక్కోవడానికి లోతైన తొట్టి. అక్కడ్నుంచి వంటగదిలోకి వెడల్పాటి గుమ్మం, డిక్కీలోంచి సరుకులు నేరుగా లోపలికి పోతాయి, నేనూ పోతాను. ఇంజినీరు విని, చాలా ప్రాక్టికల్‌గా ఆలోచించారు మేడమ్ అని మెచ్చుకున్నాడు. ఆయన జేబులో ఎప్పుడూ స్టీలు స్కేలు ఉంటుంది. అందుకని మా వదిన ఆయనకి స్కేలు అని పేరు పెట్టింది.

పునాది తవ్వే ముందు అన్నయ్యకి ఒక ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనే, కాదనను. ఖాళీ స్థలంలో గదులన్నీ సున్నంతో గీయించి, ఆ గీతల మధ్య ఒక పూట కాపురం చేసి చూద్దామన్నాడు. ఎవరు ఎక్కడ నిలబడతారు, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుంది, వంట చేసేవాళ్లకి ఎన్ని అడుగులు పడతాయి, అన్నీ ముందే తేలిపోతాయి కదా.

"నేనూ వస్తాను," అన్నాను.

"అక్కడంతా కంకర. నీ కుర్చీ చక్రాలు దిగబడతాయి. నీకెందుకమ్మా శ్రమ? నీ బదులు మీ వదిన తిరుగుతుందిలే."

వదిన తిరిగింది. ఫోనులో నాకు చూపించింది కూడా. "ఇదిగో నీ మంచం. ఇదిగో నీ బల్ల. ఇదిగో, ఇలా వంటింట్లోకి వచ్చేశావు. కాఫీ తాగుతావా?" అంది. లేని కప్పు నా మొహం ముందు ఊపింది. నేను ఇక్కడ వరండాలో కూర్చుని మురిసిపోయాను.

నా బదులు రెండు కాళ్ల మనిషి నడిచింది. కారు మాత్రం స్వయంగా వచ్చింది. కారు బదులు ఇంకెవరూ రాలేదు. దాన్ని గీతల మధ్యకి తోలి, నాలుగు తలుపులూ బార్లా తెరిచి, డిక్కీ లేపి, వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి చూశారు. దాని ఇబ్బందులు దాన్నే అడిగి తెలుసుకున్నారు.

ఆ తర్వాత గోడలు లేచేదాకా నన్ను అటు తీసుకెళ్లలేదు. సామాన్లు పడున్నాయి, దుమ్ము, మేకులు, రోజుకో సాకు. మొన్న ఉదయం తీసుకెళ్లారు. ఆ మర్నాడు మెట్లకి నల్లరాయి పరుస్తారట, రంగు నన్ను ఎంచమన్నారు.

మెట్లు అన్న మాట విన్నప్పుడే నాకు తేడా కొట్టింది.

కారు వీధిలోంచి గ్యారేజీలోకి నెయ్యిలా జారింది. ఒక్క కుదుపు లేదు. నేను సీటు మీంచి కుర్చీలోకి నా అంతట నేనే మారాను, అది నాకు రోజూ ఉన్న పనే. గ్యారేజీ అంతా తిరిగాను. బల్ల చోటు బాగుంది. ప్లగ్గుల గొట్టాలు చేతికందాయి. కిటికీలోంచి వెలుతురు సరిగ్గా నా ఒళ్లో పడుతోంది. ఇక్కడ కూర్చుని పని చేస్తే ఎంత బాగుంటుంది అనుకుంటూ, అదే ఊపులో వంటగది వైపు తిప్పాను.

గుమ్మం వెడల్పుగానే ఉంది. గుమ్మం ముందు మెట్లున్నాయి.

వీధి వైపు తలుపు చూద్దామని బయట్నుంచి చుట్టూ తిరిగాను. అక్కడ ఇంకా ఎక్కువున్నాయి. అటూ ఇటూ పూలకుండీలకి దిమ్మెలు కూడా కట్టారు, దర్జాగా.

గ్యారేజీలోకి తిరిగొచ్చాను. అన్నయ్య, వదినతో పాటు ఇంజినీరూ మేస్త్రీ అక్కడే ఉన్నారు. "ఇదేంటి?" అన్నాను.

స్కేలు ముందుకొచ్చాడు. "టెక్నికల్‌గా చూస్తే మేడమ్, వీధి పల్లంగా ఉంది. వర్షం నీళ్లు లోపలికి రాకూడదని ఇంటి నేల ఎత్తు పెంచాం."

"మంచిది. మరి గ్యారేజీ నేల ఎందుకు పెంచలేదు? నీళ్లొస్తే నా మోటార్లు ఈదుతాయా? అవేమన్నా చేపలా?"

మేస్త్రి నవ్వబోయి అన్నయ్యని చూసి ఆగాడు.

"తర్వాత కావాలంటే ఒక చెక్క పలక పెట్టించుకోవచ్చు," అన్నాడు స్కేలు.

"ఇంత ఎత్తుకి, ఈ కాస్త చోటులోనా? రోజూ జారుడుబండ ఆడుకోమంటారా?"

అన్నయ్య మధ్యలో వచ్చాడు. "ఎందుకే అంత కోపం? నాలుగు మెట్లకి ఇంత రాద్ధాంతమా? నేనెత్తుతాను కదా. నువ్వేమన్నా బరువా?"

"నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు?"

"వదినుంది."

"వదిన నడుం పట్టేసినప్పుడు?"

"ఎవరో ఒకరు ఉంటారు."

"ఎవరు? దారినపోయేవాణ్ణి పిలిచి, బాబూ, నన్ను కాస్త వంటింట్లోకి మొయ్యవా అని అడగనా? నేను అడిగింది ఒక్కటే అన్నయ్యా. ఎవరి చెయ్యీ పడకుండా అన్నాను. నువ్వు నవ్వి, అంతేనా అన్నావు."

స్కేలు జేబులో స్కేలు సర్దుకున్నాడు. అప్పుడు నోరు విప్పింది వదిన.

"చెప్పండి మరి," అంది మొగుడితో. "బంపర్ సంగతి చెప్పండి."

"నువ్వు ఊరుకో."

"ఊరుకున్నందుకేగా ఇక్కడిదాకా వచ్చింది." నా వైపు తిరిగింది. "మొదట గ్యారేజీ, ఇల్లు ఒకే ఎత్తు అనుకున్నారు మోటారమ్మా. బయట వాలు కట్టి కారు ఎక్కించాలని. ఆ రోజు సున్నం గీతల దగ్గర ఉత్తుత్తి వాలు ఒకటి మట్టితో పోయించి, కారు ఎక్కించి చూశారు. ఫోను పెట్టేశాక జరిగిందిలే అది. కింద బంపర్ గీసుకుంది. ఆ చప్పుడుకి ఈయన ప్రాణం పోయినంత పనైంది. సాయంత్రం అన్నం కూడా సరిగ్గా తినలేదు. మర్నాడే గ్యారేజీ నేల దించెయ్యమన్నారు."

"మరి నువ్వు?"

"నేను ఆ గీతల మీద నడిచాను. అంతా చదును నేల. సున్నం గీతకి ఎత్తేముంటుంది? నీ బల్ల దగ్గర్నుంచి వంటింట్లోకి ఊరికే అడుగేశాను. నేల దించాక ఇక్కడ మెట్లొస్తాయని నాకు తట్టనే లేదు." వదిన ఆ మెట్ల వంక చూసింది. "తట్టాలి కదా, మోటారమ్మా. నీ బదులు వెళ్లినదాన్ని."

వదిన మీద నాకు కోపం రాలేదు. వచ్చిందల్లా అటువైపు నిలబడ్డ ముగ్గురి మీదే. కారుకి గీత పడితే గ్యారేజీ నేల మారిపోయింది. దాని మూలుగు అందరికీ వినబడింది. నేనో, నోటితో చెప్పినా వినబడని మనిషిని.

నేను కారు తలుపు తీయమన్నాను. కుర్చీలోంచి సీటు మీదకి మారి, ఖాళీ కుర్చీని అన్నయ్య వైపు తోశాను.

"కూర్చో."

"ఏంటి?"

"కూర్చుని ఆ వంటగదిలోకి వెళ్లు. కూలీల మంచినీళ్ల డ్రమ్ము అందులోనే ఉంది. ఒక గ్లాసు తెచ్చుకు తాగు. వెళ్లగలిగితే నేనింక మాట్లాడను."

అన్నయ్య కుర్చీ వంక చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎన్నేళ్లుగానో దాన్ని మడిచాడు, తోశాడు, చక్రాలకి గాలి కొట్టించాడు. ఒక్కసారి అందులో కూర్చోమంటే మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనెందుకు కూర్చుంటాను?" అన్నాడు.

ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు.

వదిన చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది. చక్రాలు పట్టుకుని తోసింది. రెండో తోపుకి తిప్పడం అలవాటైంది. వంటగది దాకా బాగానే పోయింది. పాదాల పలక మెట్టుకి ఠంగున తగిలింది. వెనక్కి లాగి మళ్లీ తోసింది. మళ్లీ ఠంగున తగిలింది. డ్రమ్ము ఎదురుగానే కనబడుతోంది, దాని మూత మీద గ్లాసు బోర్లించి ఉంది.

"ఏవండీ, నాకు దాహమేస్తోంది," అంది.

అన్నయ్య గబగబా మెట్లెక్కి గ్లాసు నింపి తెచ్చాడు.

"మీరు తెచ్చివ్వడం కాదు. నేను తెచ్చుకోవాలి." గ్లాసు ముట్టుకోలేదు. అతను దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

స్కేలు దగ్గాడు. "ఇప్పుడు నేల లేపితే షట్టర్ ఎత్తు చాలదు, దాని మీది లింటెల్ దూలం పగలగొట్టి పైకి లేపాలి. చాలా రిస్కు."

"మేస్త్రీ, నువ్వు చెప్పు," అన్నాను. "గ్యారేజీలో కాంక్రీటు పడిందా?"

మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. "లేదమ్మా. మట్టి మీదే ఉంది. ఇంకా నింపి లేపొచ్చు. లింటెల్ పగలగొట్టి మళ్లీ పొయ్యాలి, పనే గానీ రిస్కేం లేదు."

"ఆ మెట్లు కడుతున్నప్పుడు నేను గుర్తు రాలేదా?"

"వచ్చారమ్మా. సారుకి చెబుదామనుకున్నా. పెద్దోళ్ల మధ్య మనకెందుకని..."

"ఊరుకున్నావు. సరే. నీ పాలు నీకూ ఉంది."

అన్నయ్య చేతి గడియారం చూసుకున్నాడు. "ఆఫీసుకి ఆలస్యమవుతోంది. సాయంత్రం మాట్లాడుకుందాం."

సాయంత్రం. ఆ మాట నాకు బాగా తెలుసు. సాయంత్రం రేపవుతుంది, రేపు నల్లరాయి పరుస్తారు, రాయి పరిచాక అయ్యో పాపం అంటారు. వదిన లేచి కుర్చీ తెచ్చింది. నేను మారి, కారు వెనక నుంచి తిరిగి, షట్టర్ గుమ్మానికి సరిగ్గా నడిమధ్యన ఆపి బ్రేకు వేశాను. కారు లోపల, నేను గుమ్మంలో.

"పక్కకి జరుగు, చిన్నీ," అన్నాడు. ఎన్నేళ్లకో ఆ పేరు నోటికొచ్చింది.

"ఎత్తి పక్కన పెట్టు. నేను బరువు కాదుగా."

రెండు అడుగులు వేశాడు. వదిన వచ్చి నా పక్కన నిలబడి కుర్చీ పిడి మీద చెయ్యి వేసింది. అన్నయ్య ఆగిపోయాడు. చేతిలో నీళ్ల గ్లాసు ఇంకా అలాగే ఉంది.

అప్పుడు అక్కడ అన్నదే, మాట పొల్లుపోకుండా మళ్లీ అంటున్నాను. నల్లరాయి వెనక్కి పంపండి. ఇంజినీరుగారూ, గేటు దగ్గర్నుంచి ఇంటి ముందు దాకా, గ్యారేజీ దాకా ఒకటే వాలు గీయండి, నిదానమైన వాలు, నేను ఒంటిచేత్తో ఎక్కేది. బంపర్ గీసుకోనిదీ అదే. షట్టర్ ముందు నీళ్లకి జాలీ వేసిన కాలువ పెట్టండి. గ్యారేజీ నేల వంటగది నేలతో కలపండి. గీతలు మళ్లీ గీసేటప్పుడు నా బదులు ఎవరూ నడవడానికి వీల్లేదు, కంకర ఉంటే కంకర ఎత్తించండి. అదయ్యేదాకా కారు ఇక్కడే ఉంటుంది, నేనూ ఇక్కడే ఉంటాను. అన్నయ్యా, ఆ గ్లాసు కింద పెట్టి సమ్మెట అందుకో. మేస్త్రీ, నువ్వు గునపం తీసుకో. ముందు ఆ వంటగది మెట్లు పగలగొట్టండి. రేపు కాదు, సాయంత్రం కాదు. ఇప్పుడు.