ఏం తక్కువైందని

ఉప్పులో ఊరిన క్యాబేజీ ఆకుల మధ్య కారం కూరడానికి కూర్చుంటే సాయంత్రం దాకా నడుము ఎత్తే పని ఉండదు. ఏటా చలి ముదరకముందే అత్తగారి పెరట్లో ఈ కిమ్చి పని పెట్టుకుంటాం. మేమంటే నేనూ, ఆవిడా, చుట్టుపక్కల ఆడవాళ్లూ. మగవాళ్లు రెండు డబ్బాలు మోసి, ఉడికిన పంది మాంసం చుట్టూ చేరతారు. "బరువంతా మోసింది మేమేగా" అంటాడు మా ఆయన తేగ్యు. ఏటా అదే మాట, అదే నవ్వు.

మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, వాటి నిండా కారం. ఆ చేతుల్తో నేను తినలేను కాబట్టి అత్తగారే మధ్యమధ్యలో ఆకులో మాంసం ముక్క చుట్టి నా నోట్లో పెడుతుంది. "తినవే బోగ్యంగ్. మా ఇంట్లో నీకేం తక్కువ?" నిజమే, ఏదీ తక్కువ లేదు. కాదంటే కళ్లు పోతాయి.

చున్‌చన్ సరస్సు నీళ్లలో బతికే ఒక బ్యాక్టీరియా మీద నేను యూనివర్సిటీ ల్యాబులో పరిశోధన చేస్తాను. పుట్టినప్పుడు దానికి తోక ఉంటుంది, ఈదుతూ తిరుగుతుంది. తిండి దండిగా దొరికిందా, త్వరలోనే తోక వదిలేసి, కాడ మొలిపించుకుని, దాని కొసన ఉన్న జిగురుతో రాయికో గాజుకో అతుక్కుంటుంది. తిండి తక్కువైతే మాత్రం అంత తొందరగా కుదురుకోదు, ఇంకొంతకాలం ఈదుతూనే ఉంటుంది. ఒకసారి అతుక్కున్నది ఇక ఊడిరాదు. నీళ్లలో భాస్వరం తగ్గినా ఉన్నచోటే కాడ సాగదీసుకుంటుంది, అంతే. ఆ సాగిన కాడలని మొదట చూసింది నేనే. సదస్సులో చెప్పింది మాత్రం నా తర్వాత చేరిన కుర్రవాడు. "బోగ్యంగ్ గారు వెళ్తే వీటికి వండిపెట్టేదెవరు? ఆవిడ చేతి తిండికే ఇవి కదలకుండా కూర్చుంటాయి" అన్నారు మా ల్యాబు పెద్ద ప్రొఫెసర్ గూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందుకే దక్షిణ తీరంలోని తొంగ్యంగ్ పరిశోధన కేంద్రానికి దరఖాస్తు పెట్టాను. తేగ్యుకి చెప్పాను కూడా. "చూద్దాంలే" అన్నాడు. వాళ్లు ఎంచుకున్నారు. వస్తానో రానో ఇవాళ ఫోన్ చేసి అడుగుతామన్నారు.

ఫోన్ నా ఏప్రాన్ జేబులో మోగింది. "కాస్త తీసి నా చెవి దగ్గర పెట్టవూ" అన్నాను తేగ్యుతో. తీశాడు, పేరు చూశాడు, రెండడుగులు పక్కకి వెళ్లాడు.

"బోగ్యంగ్ వాళ్లాయన్ని మాట్లాడుతున్నానండీ. ఆవిడకి వీలుపడదు. ఇల్లు చూసుకోవాలి, మా అమ్మకి వయసైపోయింది. వేరేవాళ్లని చూసుకోండి."

ఎంత మర్యాదగా చెప్పాడో. ఫోన్ తెచ్చి మళ్లీ నా జేబులోనే పెట్టాడు. "చెప్పేశాన్లే. నీ చేతులు ఖాళీగా లేవుగా."

చేతిలో ఉన్న క్యాబేజీని ఆఖరి ఆకు దాకా కూరాను. సగంలో వదలడం నాకు చేతకాదు. కాడ ఎంత సాగదీసుకున్నానో ఆ కాసేపట్లో లెక్కకొచ్చింది: సర్దుకున్న ప్రతి సెలవూ, నవ్వేసిన ప్రతి మాటా. కానీ ఊడిరాలేనిది బ్యాక్టీరియా. దానికి ఆ జిగురు దాని ఒంట్లోంచే వచ్చింది. నాకెవరు పూశారు?

తొడుగులు తీసి పక్కన పెట్టాను. అందరి ముందే ఫోన్ చేశాను.

"ఇందాక మాట్లాడింది మా ఆయనండీ. ఉద్యోగం నాది. వస్తున్నాను."

తేగ్యు చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "నా పరువేం కావాలి?" అన్నాడు మెల్లగా. అత్తగారు నా మొహంలోకి చూస్తూ, "ఏం తక్కువైందని పోతున్నావే?" అంది. గొంతులో కోపం కంటే బెంగే ఎక్కువ వినిపించింది.

"ఏదీ తక్కువ కాలేదత్తయ్యా. అందుకే ఇన్నేళ్లూ కదల్లేదు."

ఆవిడ ఆకులో ముక్క చుట్టి, అలవాటుగా నా నోటి దాకా తెచ్చింది. నేను చెయ్యి చాపి అందుకున్నాను. ఆకుకంటిన కారానికి తొడుగుల్లేని వేళ్లు భగ్గుమన్నాయి. ఈసారి నా చేత్తోనే తిన్నాను.