ఎర్రక్షరాల వాగ్దానం

నేను ఒక నాలుగు నిమిషాల వీడియోను. ఒక దయ్యాల సినిమాకు దాని అభిమాని సమర్పించుకున్న కానుకను. తొలినాటి క్రైస్తవుల్లో ఒకడు తోలుచుట్ట మీద సువార్త రాస్తాడు. అది తమకు నచ్చక సంఘపెద్దలు తగలబెడతారు. శతాబ్దాల తర్వాత అతని ఆత్మ ఒక నర్సును ఆవహించి, కాలిపోయిన మాటలను ఆమె నోట పలికిస్తుంది. అదీ ఆ సినిమా కథ.

నన్ను చేసినవాడు జెకర్యా. బాపట్లలో చిన్న అచ్చు దుకాణం, నలభై మూడేళ్ళు, ఒంటరి. పెళ్ళి పత్రికలు, చనిపోయినవారి ఇళ్ళలో జరిగే ఆదరణ కూటాల కార్డులు వేస్తాడు. ఇరవై ఏళ్ళుగా అన్నీ ఇతరుల మాటలే. సినిమాలో ఆత్మ మాట్లాడే భాష ఎవరికీ తెలియనిది. అర్థం దొరక్క జెకర్యా తనకు తోచింది రాసి నా మీద అతికించాడు: "ఎవరును నిన్ను పిలువని గదిలో నేను నీ పేరు పలుకుచున్నాను." దయ్యం మాట కదా అని రక్తపు రంగు వేశాడు. ఆత్మ బాధను ఊహించానని అనుకున్నాడు. అది తన గది సంగతేనని నాకు అప్పుడే తెలుసు. మనుషులు తమ గురించి నిజం చెప్పాలంటే మధ్యలో ఒక దయ్యమైనా ఉండాలి.

నన్ను ముప్పై ఒక్కసార్లు చూశారు. అందులో ఇరవై ఆరు అతనివే.

డిసెంబరులో జెకర్యా ధైర్యం చేసి నన్ను తన చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సంఘపెద్ద దేవసహాయం గారు కంటి ఆసుపత్రిలో వరుసలో కూర్చుని, చప్పుడు ఆపేసి నన్ను తెరిచారు. భయపెట్టే సంగీతం ఆయనకు వినిపించలేదు. కంట్లో వేసిన చుక్కలకు బొమ్మలు మసకబారినా, ఎర్రక్షరాలు మాత్రం కనిపించాయి. ఆయన బైబిల్లో ప్రభువు మాటలు ఎర్ర సిరాతో ఉంటాయి. ఇక అనుమానం ఎందుకు? ఆ వాక్యాన్ని ఫొటో తీసి జెకర్యాకే పంపారు, కొత్త ఏడాదికి సంఘానికి ఇచ్చే వాగ్దాన వాక్యం ఇదే, రెండు వందల కార్డులు వెయ్యమని.

తన వాక్యాన్ని ఒకరు ఎంచుకోవడం జెకర్యాకు అదే మొదలు. అది తనదని చెప్పకుండా ఎర్ర సిరాతోనే అచ్చువేశాడు.

కొత్త సంవత్సరం ఉదయం సంఘమంతా లేచి నిలబడి ఆ వాగ్దానాన్ని మూడుసార్లు పలికింది. రెండోసారికే కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నాలుగేళ్ళుగా అక్కతో మాటల్లేని కరుణమ్మ ఆ సాయంత్రమే ఆమె ఇంటికి వెళ్ళిందట. పాస్టరు గారొక్కరే రెండు రోజులు బైబిలంతా తిరగేసి, ఆ మాట దొరక్క, జెకర్యానూ దేవసహాయం గారినీ పిలిపించారు.

జెకర్యా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒప్పుకుంటే కార్డుల పని పోతుంది, సంఘంలో తలెత్తుకోలేడు. ఒప్పుకోకపోతే తన మొదటి వాక్యం ఎప్పటికీ తనది కాదు.

"అది నేను రాసిందేనయ్యగారూ," అన్నాడు.

పాస్టరు గారు కళ్ళజోడు తీసి అతన్ని ఎగాదిగా చూశారు. "నువ్వా? సాక్ష్యం చెప్పమంటే స్తంభం వెనక్కి పోతావు. ఎక్కణ్ణించి తెచ్చావో చెప్పు, ఏమీ అనన్లే."

"నిజంగా నేనేనండీ."

"వదిలెయ్యండయ్యగారూ, బెదిరిపోయాడు," అన్నారు దేవసహాయం గారు. "కేతలిక్కుల బైబిల్లో మనకన్నా ఏడు పుస్తకాలు ఎక్కువుంటాయంట. అందులోదై ఉంటది. చదూతుంటేనే తెలవట్లా, మడిసి రాసే మాటేనా అది?"

పాస్టరు గారికి ఊపిరి తిరిగి వచ్చింది. కార్డులు వెనక్కి తీసుకునే పని తప్పింది.

ఇంటికి వచ్చి జెకర్యా ఆ వాక్యం కింద పెద్ద అక్షరాలతో తన పేరు చేర్చి, నన్ను మళ్ళీ గ్రూపులో పెట్టాడు. కాసేపటికి దేవసహాయం గారి జవాబు వచ్చింది: "దేవుని వాక్యం కింద పేరు పెట్టుకుంటారంట్రా అబ్బాయ్? తీసెయ్." దాని కింద పదహారు మంది జోడించిన చేతుల బొమ్మ పెట్టారు. ఒకటి కరుణమ్మది.

అతను పేరు ఒక్కటే తియ్యలేదు. నన్నే తీసేశాడు.

ఇప్పుడు అతని కంప్యూటరు చెత్తబుట్టలో ఉన్నాను. ఆ సినిమాలో తోలుచుట్ట రాసినవాడి పేరు చివరిదాకా ఎవరూ అడగరు. సినిమాను పదమూడుసార్లు చూసినా జెకర్యా కూడా అడగలేదు. నిన్న ఎవరో దుకాణానికి వచ్చి, ఆ వాగ్దానం కార్డు మరో యాభై కావాలన్నారు. సరేనని రాసుకున్నాడు. అక్షరాలు ఎర్రగానే ఉండాలా అని మాత్రం అడిగాడు.