కింద నిలబడేవాడు

...బావ ఉంటే ఈపాటికి అరిచి ఉండేవాడు, నీ ఎడమ మోచేతి కిందది కొట్టరా అని. అది కొట్టాల్సిన కొమ్మ అయ్యేది కాదు. అయినా ఆ అరుపు వినిపించేది. ఇవాళ కింద ఎవరూ లేరు, కొమ్మలన్నీ ఒకేలా ఉన్నాయి. అతను పైన్ చెట్టు మానుకి తాడుతో తనని కట్టుకుని, చేతిరంపం ఎక్కడ పెట్టాలో తోచక, జిగురంటిన వేళ్లని ప్యాంటుకి తుడుచుకుంటూ కాసేపు ఊరికే కూర్చున్నాడు.

సరస్సు చుట్టూ అడవిలోంచి తిరిగే కాలిబాట అది. నీళ్లు అందంగా కనిపించే చోటల్లా నడిచేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకుంటారు. ఏడాది తిరిగేసరికి పక్కనున్న చెట్ల కొమ్మలు అడ్డంగా పెరిగి ఆ అందాన్ని మూసేస్తాయి. సీజను మొదలవకముందే ఎవరో ఒకరు చెట్టెక్కి, సరస్సూ దాని అవతలి కొండా ఫోటోలో పట్టేంత సందు చెయ్యాలి. ఆ సందుని వాళ్లిద్దరూ కిటికీ అనేవారు. కిటికీ కొట్టడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. పైనున్నవాడికి సరస్సు కనిపిస్తుంది కానీ కిటికీ కనిపించదు. ఏ కొమ్మ అడ్డమో ఫోటో తీసే చోట నిలబడ్డవాడే చెప్పాలి.

అతను పొడుగు కాబట్టి పైకి, బావ పొట్టి కాబట్టి కిందికి. కింద కూడా బావ కళ్లు కెమెరా ఎత్తుకి అందేవి కావు. అందుకని ప్రతి కిటికీ దగ్గరా ఒక చెక్కపెట్టె చేసుకుని, దాని కాళ్లు నేలలో పాతి, దాని మీద నిలబడేవాడు. "కోతి చెట్టెక్కిందని అందరూ చూస్తారు. ఆడించేవాడు పెట్టెక్కాడని ఒక్కడూ చూడడు," అనేవాడు.

అక్కని చేసుకున్న ఏడాదే బావ అతన్ని ఈ పనిలో పెట్టించాడు. అతను పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే చెప్పడానికి కారణమంటూ ఉండేది కాదు. ఒక రోజు ఇంకో రోజుని తోసుకుంటూ వెళ్లిపోయింది, అంతే. అక్కవాళ్ల వెనక గదిలో అతనికో మంచం, గోడకి కొక్కెం, కొక్కేనికి తాడు. భోజనాల దగ్గర బావ మాట్లాడేవాడు, అతను వినేవాడు. మధ్యలో అక్క, వాడికి కూర వెయ్యనియ్యండి ముందు, అనేది.

కొన్నేళ్లుగా బావ చెప్పే కొమ్మలు తప్పుతున్నాయి. మొదటిసారి అతను చెప్పింది చెప్పినట్టు కొట్టేశాడు. దిగి చూస్తే అడ్డంగా ఉన్నది అలాగే ఉంది, కొండకి అందమిచ్చే కొమ్మ నేల మీద ఉంది. బావ కళ్లు పోతున్నాయని అతనికి అప్పుడే అర్థమైంది. బయటికి అనలేదు. ఆ మాట పని ఇచ్చే ఆఫీసుదాకా వెళితే బావని ఇంటికి పంపేస్తారు. ఆ మనిషి ఇంట్లో కూర్చుంటే ఎండిపోతాడు. అందుకని ఆ తర్వాతినుంచీ బావ అరిచిన కొమ్మకి సరే బావా అని పైకి అనేవాడు, తనకి తోచిన కొమ్మ కొట్టేవాడు. సాయంత్రం ఇద్దరూ సగం దారి దిగాక, తాడు మర్చిపోయానని ఒక్కడే వెనక్కి వచ్చేవాడు. పెట్టె పక్కన మోకాళ్లు వంచి కెమెరా ఎత్తుకి కుంగి చూసి, మళ్లీ ఎక్కి తప్పు దిద్దేవాడు. పెట్టె ఎక్కి చూడాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు. పెద్దవాళ్లు కూర్చునే కుర్చీలో మనం కూర్చోం కదా, అలా.

ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. తన బతుకు మొత్తంలో ఒకరికి చేసిన మేలు ఇదొక్కటేనని ఎప్పుడైనా నిద్ర పట్టనప్పుడు అనిపించేది. అలా అనిపించినప్పుడు లోపల కొంచెం వెచ్చగా ఉండేది.

నిన్న ఆస్పత్రిలో బావ ముక్కుకి గొట్టం ఉంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాడు. మంచం పక్కన వేలాడే మందు సీసా వైపు కళ్లెత్తి, దాని మీద చీమల్లాంటి అక్షరాల్లో ఉన్న గడువు తేదీ చదివి, "నాకంటే దీనికే ఆయుష్షు ఎక్కువరా," అన్నాడు. అక్క మొహం అటు తిప్పుకుంది. తేదీ నర్సు చదివి చెప్పి ఉంటుందని అతను అనుకున్నాడు. తర్వాత బావ అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఆఖరి కిటికీ ఒకటి మిగిలిపోయింది. అది కానిచ్చి ఫోటో పట్రా. చూస్తా."

అలాగేనన్నాడు. ఫోటో ఎలా చూపించాలో దారి పొడుగునా ఆలోచిస్తూనే వచ్చాడు. ఊరికే చేతిలో పెడితే బావ ఇబ్బంది పడతాడు. ఎడమన కొండ బాగా వచ్చింది, కుడిన పడవల రేవు కూడా పడింది, అని మాటల్లో మాటగా అనాలి. అప్పుడు బావ, ఆఁ, రేవు కూడా పడింది, అంటాడు. గౌరవంగా ఉంటుంది. సాయంత్రంలోగా తీసుకెళితే చాలు. పొద్దున అక్క ఫోన్లో రెండుసార్లు అంది, త్వరగా వచ్చెయ్యరా అని.

కింద అడుగుల చప్పుడైంది. మెడలో కెమెరాతో ఒకాయన, వెనక ఆయన భార్య. ఆయన మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, కన్ను ఆనించి, తలెత్తాడు. "పెద్దాయనా, కొంచెం చెట్టు వెనక్కి జరుగుతారా? ఫోటోలో మీ కాలు పడుతోంది." అతను మాను వెనక్కి జరిగి, కాళ్లు ముడుచుకుని, వాళ్లు వెళ్లేదాకా బెరడు వాసన పీలుస్తూ ఉన్నాడు. ఇది కొత్తేమీ కాదు. ఈ సరస్సు ఫోటో లేని గోడ చుట్టుపక్కల లేదు. ఏ గోడ మీదా తను లేడు, బావా లేడు. బావ దీన్ని కూడా నవ్వులాటే చేసేవాడు, మనం కిటికీలంరా, కిటికీని ఎవడు చూస్తాడు, అని.

ఒక కొమ్మ కొట్టడం, దిగడం, కుంగి చూడటం, మళ్లీ ఎక్కడం. మధ్యాహ్నమైంది. ఇంకొక్క కొమ్మ, కొండ నడుముకి అడ్డంగా ఉన్నది, మిగిలింది. అక్కకి ఫోన్ చేస్తానన్న మాట గుర్తొచ్చింది. సిగ్నల్ పైన దారి వంపు దగ్గరే దొరుకుతుంది. రంపం చెట్టు కిందే పెట్టి పైకి నడిచాడు. వంపు చేరగానే జేబులో ఫోనే మోగింది.

"ఎక్కడున్నావురా?" అక్క గొంతు మామూలుగానే ఉంది.

"వంపు దగ్గర. అయిపోయిందక్కా, ఒక్క కొమ్మే ఉంది. పరిగెత్తుకుంటూ వచ్చేస్తా."

"వద్దు. మెల్లగా దిగు. ఇంక తొందరేం లేదు."

చెట్ల మీదుగా గాలి ఒకసారి వెళ్లి వచ్చింది. ఫోన్లో అవతల ఎవరో ఇనప మంచం జరుపుతున్న చప్పుడు.

"పొద్దున కళ్లు తెరిచి నీ గురించే అడిగారు," అంది అక్క. "వాడు ఒక్కడే ఎక్కాడా, కింద ఎవరైనా ఉన్నారా అని. ఉన్నారని చెప్పాను. అబద్ధమే చెప్పాన్రా."

బస్సు దొరికే ఊరు వంపు నుంచి కుడివైపుకి. అతను ఎడమవైపు దిగాడు. రంపం అక్కడే ఉండిపోయిందని తనకి తాను చెప్పుకున్నాడు.

చెట్టు అలాగే ఉంది. పెట్టె మీద సగం దాకా ఎండు పైన్ సూదులు రాలి ఉన్నాయి. ఎందుకో వాటిని అరచేత్తో ఊడ్చాడు. బావ బూట్ల అడుగున మేకులుండేవి. వాటి కింద ఏళ్ల తరబడి అరిగిన గుంటలు చెక్క మీద కనిపించాయి. రెండు సరస్సు వైపు తిరిగి ఉన్నాయి. పాతవి, లోపల నాచు పట్టింది. వాటిని అడ్డంగా కోస్తూ ఇంకో రెండు. చెక్క ఇంకా తెల్లగానే ఉంది. మడమలు లోతు, మునివేళ్లు చెట్టు వైపు.

అతను చాలాసేపు వాటిని చూశాడు. ఒక ఏడు వాన వెలిసిన మర్నాడు ఈ చెట్టు మీదే తనకి కాలు జారింది. తాడు పట్టుకుంది. నడుము మీద చార తప్ప ఏమీ కాలేదు. కిందికి దిగాక ఇద్దరూ నవ్వారు. బావ నవ్వుతూనే ఈ పెట్టె మీద కూలబడ్డాడు, లేవడానికి చాలాసేపు పట్టింది. కొమ్మలు తప్పడం మొదలైంది ఆ మరుసటేడు. ఎడమ మోచేతి కిందది అనేవాడు బావ. కళ్లు పోతున్న మనిషికి అంత దూరం నుంచి తన మోచెయ్యి ఎలా కనిపించిందో అతను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

బూట్లు విప్పాడు. పెట్టె ఎక్కి, తెల్లటి గుంటల్లో పాదాలు పెట్టాడు. పాదాలు పెద్దవి, పట్టలేదు. మునివేళ్లు ఎటు చూస్తున్నాయో అటు తిరిగాడు. అక్కడి నుంచి సరస్సు లేదు, ఏ కొమ్మ అడ్డమో తెలీదు. పైన్ చెట్టు ఉంది, తాడు రాసి రాసి నున్నబడ్డ కొమ్మ ఉంది, దాని కింద తను ఎప్పుడూ కాలు మోపే చోట బెరడు లేచిపోయి ఎర్రగా ఉంది. ఖాళీగా ఉన్న ఆ చోటు వైపు చూస్తూ, "కాలు చూసుకో," అన్నాడు, పైన ఎవరో ఉన్నట్టు మెల్లగా.

దిగి, బూట్లు తొడుక్కుని, రంపం తీసుకుని నడిచాడు. ఆఖరి కొమ్మ కొండకి అడ్డంగా అలాగే ఉండిపోయింది. పెట్టె కూడా ఉండిపోయింది, నేలలో దిగిన నాలుగు కాళ్ల మీద, పైన ఊడ్చిన చెక్కలో నాలుగు గుంటలతో. వాటిలో రెండు చెట్టు వైపు తిరిగి ఉన్నాయి.