గోరింకల గుట్టకు సీటు

ఉదయం ఎనిమిదింటికి మొదటి కాలేజీ వచ్చి రుచిత వాళ్ల వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది. ఐదంతస్తులది, ముందంతా అద్దాలు. కుర్చీ కాళ్లు కాస్త వంగుతాయి, అంతే. ఇంటర్ పాసైన పిల్లలున్న ఇళ్లకు ఈ నెలలో కాలేజీలు రావడం మామూలే కాబట్టి తల్లి సమ్మక్క దానికి మంచినీళ్లిచ్చి చాయ్ పెట్టడానికి వెళ్తుంది. నిరుటిదాకా కాలేజీలు తమ మనుషులను పంపేవి. వాళ్లు అబద్ధాలు తడబడుతూ చెబుతున్నారని ఈ ఏడు స్వయంగా బయల్దేరాయి.

రుచితకు కావలసింది ఒక్క సీటు కాదు, రెండు. ఒకటి తనకు, ఒకటి గోరింకల గుట్టకు.

గుట్ట వాకిట్లోనే, నీళ్ల తొట్టి పక్కన పడుకుని ఉంది. గ్రానైట్ కంపెనీ ముప్పై ఏళ్లుగా కోసి లారీలకెత్తగా ఇప్పుడు దూడంత మిగిలింది. పోయిన వానాకాలంలో దానంతటదే ఇక్కడికి వచ్చి పడుకుంది. నీళ్లు బాగా తాగుతుంది, ఎవరి జోలికీ పోదు. దాని మీది గోరింకలు మాత్రం ఊరు విడిచిపోలేదు. ఊరికి ఉత్తరాన, ఏమీ లేని గాలిలో, పాత ఎత్తులోనే వరుసగా కూర్చుని ఉంటాయి.

సాయంత్రం ఐదింటికి ఆ చివరి ముక్క కోసం లారీ వస్తుంది. కాలేజీలో పేరున్నవాళ్లను లారీకెత్తకూడదని రూలుంది. రుచిత ఆ ఒక్క రూలునే నమ్ముకుంది.

కంపెనీ కోసిన ప్రతి రాయి మీదా ఎర్ర రంగుతో నంబరు వేసేది ఆమె తండ్రి ఓదెలే. నంబరు పడితేనే రాయి లారీ ఎక్కుతుంది. ఓదెలు బడి ముఖం చూసినవాడు కాదు, వచ్చింది అంకెలొక్కటే, వాటిని మాత్రం ముత్యాల్లా రాస్తాడు. ఇప్పటికి పదకొండు వేల నలభై ఆరు రాళ్లయ్యాయి. తర్వాతి నంబరు ఐదింటిలోగా ఈ ముక్క మీద వేయమని ఉత్తర్వు. కుంచె జేబులో పెట్టుకుని అరుగు మీద కూర్చుని దగ్గుతున్నాడు. అది రాతిదుమ్ము దగ్గు. గుట్టలో కొంత ఆయన ఛాతీలోకి పోయి అక్కడే ఉండిపోయింది.

రుచితకు తండ్రంటే ప్రాణం, ఆ కుంచె పట్టిన చేయంటే కోపం. రెండూ నిజమే. రెండోది ఆమె ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు, ఆయనకు తెలియకా పోలేదు.

అద్దాల కాలేజీ తన పచ్చదనం గురించి మొదలుపెడుతుంది. పర్యావరణమంటే తమకు ప్రాణమట. పదిహేనేళ్ల ఫొటోలు తీసి చూపిస్తుంది. ప్రతి ఏడూ పెద్దలంతా చుట్టూ నిలబడి ఒక మొక్క నాటుతున్నారు. రుచిత ఫొటోలన్నీ వరసగా పరచి చూస్తుంది. పదిహేనింటిలోనూ గుంట ఒక్కటే.

చెట్టేదని అడుగుతుంది.

"చెట్టు సంగతి చెప్పలేనమ్మా," అంటుంది కాలేజీ నిజాయతీగా. "గుంటను మాత్రం ఒక్క ఏడూ పూడిపోనివ్వలేదు."

గుట్టకు సీటిస్తారా అంటే, గుట్టకు హాస్టల్ ఫీజు రెండింతలవుతుందనీ, ఏసీ గదిలో పడదనీ సణుగుతుంది. సమ్మక్క దాన్ని మర్యాదగా పక్కకు జరిపి ఇంకో కుర్చీ వేస్తుంది.

రెండో కాలేజీ పదకొండింటికి వస్తుంది. దీనికి పాలరాతి స్తంభాలు, మంచి మాట తీరు. పర్యావరణ క్లబ్బు ఉందట, మాసిపోతుందని బీరువాలో పెట్టి తాళం వేశారట. గుట్టను చూడగానే దాని కళ్లు మెరుస్తాయి. తప్పకుండా తీసుకుంటానంటుంది. గేటు దగ్గర నిలబెడతారు, పాలిష్ పట్టిస్తారు, రోజూ తడిగుడ్డతో తుడుస్తారు, దాని మీద కాలేజీ పేరు బంగారు అక్షరాలతో చెక్కిస్తారు.

సమ్మక్క మెత్తబడుతుంది. లారీకెక్కి ఏ దేశమో పోవడం కంటే గేటు దగ్గర కుదురుగా ఉండడం మేలు కదా అని ఆమె ఆశ. తల్లి కదా, గుట్టను కూడా ఏడాదిగా సాకింది. గుట్ట మాత్రం మెల్లగా జరిగి రుచిత కాళ్ల వెనక్కి వచ్చి ఆనుకుంటుంది. చల్లగా తగులుతుంది. లోపల ఏదో వణుకుతోంది.

"గేటు కాడ ఉండుడు సదువుకునుడు కాదమ్మా," అంటుంది రుచిత తల్లితో.

ఆ తర్వాత ఎవరూ రారు. మూడవుతుంది, నాలుగవుతుంది. రెండు కాలేజీలూ చాయ్ తాగుతూ ఒకదాని గురించి ఒకటి చెడ్డగా చెప్పుకుంటాయి. నాలుగున్నరకు ఓదెలు జేబులోంచి కుంచె తీసి రంగు డబ్బా మూత తెరుస్తాడు. బిడ్డ వైపు చూడడు.

ఐదుకు పది నిమిషాలుందనగా మూడో కాలేజీ నడిచి వస్తుంది. పెంకుల కప్పు, సున్నం గోడలు, వరండా నిండా దుమ్ము. గోడలంతా పిల్లల చేతిరాత నినాదాలు. రొప్పుతోంది. ఆలస్యమైనందుకు ఏమీ అనుకోవద్దంటుంది. దారిలో ఒక వాగులోకి ఫ్యాక్టరీ రంగునీళ్ల పైపు వేస్తుంటే మూడు రోజులు అక్కడే ఆగిపోవలసి వచ్చిందట. సమ్మక్క కుర్చీ చూపిస్తే వద్దంటుంది.

"నేను రోడ్డు మీద తప్ప ఏడా కూసోనక్కా."

ఫొటోల్లేవు, కరపత్రం లేదు. చదువైనాక ఉద్యోగాలొస్తాయా అని ఓదెలు అడుగుతాడు. అడగాలి కదా, తండ్రి. వస్తాయంటుంది కాలేజీ. కాకపోతే తమ పిల్లలు ముందు ఉద్యోగాన్నే నిలబెట్టి నాలుగు ప్రశ్నలడుగుతారట, జవాబు చెప్పలేక కొన్ని వెనక్కి పోతాయట. అది రుచిత వైపు తిరిగి, ర్యాంకు అడగదు, మార్కులు అడగదు.

"నువ్వు దేని ముందు నిలవడుతవు బిడ్డా?"

రుచిత పక్కకు జరగదు. గుట్ట ఆమె వెనకే ఉంది. జవాబు కళ్ల ముందే ఉంది కాబట్టి కాలేజీ రెండు దరఖాస్తులు తీస్తుంది.

గుట్ట పేరు దగ్గర గోరింకల గుట్ట అని రాస్తుంది. వయసు దగ్గర సున్నాలు గడిలో పట్టక పక్క గడిలోకి పోతాయి. తండ్రి పేరు అడుగుతుంది. ముప్పై ఏళ్లు దాన్ని రోజూ తాకిన మనిషి ఒక్కడే ఉన్నాడు. రుచిత ఆ పేరు గట్టిగా చెబుతుంది. ఓదెలు తల దించుకుంటాడు. ఆయనకు సంతకం రాదు.

"అంకెలొస్తయి కదా బాపూ," అంటుంది రుచిత.

లారీ వీధి మలుపు తిరిగిన చప్పుడు వినిపిస్తుంది. ఓదెలు కుంచె ముంచి, లేచి, గుట్ట ముందు మోకాళ్ల మీద కూర్చుంటాడు. పదకొండు వేల నలభై ఏడు వేయాల్సిన చేయి. అది ఒక నిలువు గీత గీసి ఆగిపోతుంది. రోల్ నంబర్ ఒకటి.

డ్రైవర్ దిగి, అంకెనూ కాలేజీ చేతిలోని దరఖాస్తునూ చూసి, చెప్పులు విడిచి దూరంగా నిలబడతాడు. చదువుకునేవాళ్లను ఎత్తలేనని, బండి ఖాళీగానే తీసుకుపోతానని అంటాడు. రుచితకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వస్తాయి. తండ్రి చేతిని, రంగంటిన ఆ చేతినే, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటుంది.

ఇక హాజరు తీయమంటుంది కాలేజీ ఓదెలుతో. నంబర్లన్నీ ఆయన నోటికి వచ్చినవే. అరుగెక్కి నిలబడి కంపెనీ ఒకటో రాయితో మొదలుపెట్టి రెండు అంటాడు, మూడు అంటాడు. ఉత్తరం దిక్కున ఒక్కొక్క రాయీ పలికి వచ్చి తన చోట కూర్చుంటుంది. ఓడల్లో పోయినవి తడిగా వస్తాయి. వంటింటి గట్లయినవి పోపు మరకతో వస్తాయి. ఏదో దేశంలో సమాధులైనవి తమ మీది పేర్లకు క్షమాపణ చెప్పుకుని వస్తాయి. తొమ్మిది వందలు అనగానే అద్దాల కాలేజీ కింది అంతస్తు నేలంతా లేచిపోతుంది. అది కుర్చీలోనే కాళ్లు పైకి మడుచుకుని ఏమీ జరగనట్టు చాయ్ తాగుతుంది.

పొద్దు దిగేలోపు పదకొండు వేల నలభై ఆరు పూర్తవుతాయి. వాకిట్లోని చివరి ముక్క, రోల్ నంబర్ ఒకటి, తనే దొర్లుకుంటూ వెళ్లి పైకెక్కుతుంది. ఊరంతా ఇళ్లు వదిలి వచ్చి తలలెత్తి చూస్తోంది. గుట్ట నిండుగా నిలబడింది. ఒక్క జానెడు తక్కువ. గోరింకల కాళ్లు ఇంకా గాలిలోనే ఉన్నాయి.

ఎవరు రాలేదని కాలేజీ అడుగుతుంది. ఓదెలు ఆలోచించి, ఛాతీ మీద చేయి వేసుకుంటాడు. దానికి తను నంబరు వేయలేదు. ఊరికే రమ్మని పిలుస్తాడు.

దగ్గు వస్తుంది. దగ్గుతో పాటు ముప్పై ఏళ్ల దుమ్ము సన్నగా, బూడిద రంగులో, తొందర లేకుండా బయటికి వచ్చి, ఇళ్ల మీదుగా లేచి, గుట్ట కొస మీద సర్దుకుంటుంది. గోరింకల కాళ్లు రాతిని తాకుతాయి. రుచిత తండ్రి గుండె మీద చెవి పెట్టి వింటుంది. పిల్లికూత లేదు. ఆమె పుట్టాక మొదటిసారి ఆయన ఊపిరి మామూలుగా ఆడుతోంది.

కాలేజీ గుట్ట ఎదురుగా రోడ్డు మీద బైఠాయించి, మొదటి క్లాసు మొదలైందంటుంది. గోరింకలన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి. గుట్ట చెయ్యెత్తింది. దానికేదో అడగాలని ఉంది.

ఓదెలు కుంచె కింద పెట్టి, తల పైకెత్తి, "అడుగు బిడ్డా," అంటాడు.